అరసవల్లిలో కిరణాలు మూడు రోజులే ఎందుకు? చెయిన్ రూల్‌తో ఒక లెక్క

మార్చి రెండో వారం వచ్చిందంటే శ్రీకాకుళంలో తెల్లారకముందే ఆటోలు అరసవల్లి దారి పడతాయి. ఉదయించే సూర్యుడి కిరణాలు గోపుర ద్వారంలోంచి నేరుగా లోపలికొచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకే రోజులవి. ఏడాదికి రెండుసార్లే: మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు మొదటి మూడు రోజుల్లో ఇంకోసారి. ఆ పూట మబ్బు పట్టిందా, క్యూలో నిలబడ్డవాళ్ళకి దర్శనం దక్కుతుంది గానీ కిరణం దక్కదు.

అలా మబ్బు చూసి తిరిగొచ్చిన ఇంటర్ కుర్రాడొకడు ఆ సాయంత్రం మా అరుగు మీద పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టాడు. "మూడు రోజులే ఏటి మాస్టారూ? సూర్యుడు రోజూ తూర్పునే కదా పొడుస్తాడు. నెల్రోజులు పడితే ఏం పోయింది?"

"దానికి జవాబు నీ లెక్కల పుస్తకంలోనే ఉందిరా. చాయిస్‌లో వదిలేస్తానన్నావే, ఆ చాప్టర్‌లో," అన్నాను.

వాడు నమ్మలేదు. సైన్ ఇన్వర్స్, కాస్ ఇన్వర్స్ డిఫరెన్షియేషన్‌కీ, అంటే ఒకటి మారితే ఇంకోటి ఎంత వేగంగా మారుతుందో కట్టే లెక్కకీ, అరసవల్లికీ ఏం సంబంధం? అసలు ఆ చాప్టర్ మీద వాడి కోపం వేరే. త్రికోణమితితో మొదలయ్యే ప్రమేయాన్ని, అదే ఫంక్షన్‌ని, డిఫరెన్షియేట్ చేస్తే జవాబులో ఒక రూటూ ఒక భిన్నమూ మాత్రమే మిగులుతాయి. సైన్ గానీ కాస్ గానీ మచ్చుకైనా కనపడదు. ఆ రూట్ ఎక్కడినుంచి ఊడిపడిందో చెప్పకుండా "ఫార్ములా, కంఠతా పట్టండి" అంటే ఎవరికైనా మింగుడుపడదు. వాడి కోపం న్యాయమైనదే.

ముందు పేరు సంగతి. సైన్ 30 డిగ్రీలు ఎంత అంటే అర. సైన్ ఇన్వర్స్ అర ఎంత అంటే 30 డిగ్రీలు. అంటే నిష్పత్తి ఇస్తే కోణం చెప్పేది సైన్ ఇన్వర్స్. సైన్ నెత్తిన మైనస్ 1 వేసి దీన్ని రాసే అలవాటు 1813లో జాన్ హెర్షెల్ పెట్టాడు. ఎక్స్ నెత్తిన మైనస్ 1 అంటే 1/ఎక్స్ అని కింది తరగతుల్లో నేర్చుకున్న పిల్లలు దీన్ని కూడా 1/సైన్ అనుకుంటారు. నా దగ్గరకొచ్చేవాళ్ళలో ఏటా ఇద్దరు ముగ్గురు ఇక్కడే జారతారు. తప్పు వాళ్ళది కాదు, రాతది. ఆర్క్ సైన్ అనే ఇంకో పేరు దీనికంటే నయం. ఆర్క్ అంటే చాపం. మన సిద్ధాంత గ్రంథాలు కూడా జ్య నుంచి చాపం కనుక్కోవడం అనే అంటాయి. జ్య అంటే వింటినారి, చాపం అంటే విల్లు. నారి పొడవు తెలుసు, విల్లు ఎంతో చెప్పాలి. అదీ మన పని.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సైన్ విలువ అర ఉండే కోణం 30 ఒక్కటే కాదు, 150 కూడా. ఆ మాటకొస్తే 390, 510, ఇలా ఎన్నైనా. ఒక ప్రశ్నకి ఇన్ని జవాబులుంటే అది ప్రమేయం కాదు. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నారు: సైన్ ఇన్వర్స్ ఎప్పుడు జవాబు చెప్పినా మైనస్ 90 నుంచి 90 డిగ్రీల లోపలే చెప్పాలి. కాలిక్యులేటర్ పాటించేదీ ఇదే. పుస్తకంలో ప్రదేశం, వ్యాప్తి అని ఒక పట్టిక వేసి వదిలేసే విషయమిది. కానీ ఈ చాప్టర్‌లో పోయే మైనస్‌లన్నీ పోయేది ఇక్కడే.

ఇప్పుడు ఫార్ములా. వై = సైన్ ఇన్వర్స్ ఎక్స్ అనుకుందాం. ఇన్వర్స్‌ని డిఫరెన్షియేట్ చెయ్యడం మనకి రాదు, సైన్‌ని చెయ్యడం వచ్చు. కాబట్టి వచ్చినదాని వైపు తిప్పేద్దాం:

సైన్ వై = ఎక్స్

రెండు వైపులా ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చేస్తే కుడివైపు 1 వస్తుంది. ఎడమవైపు పైకి సైన్ వై అని ఉన్నా, ఆ వై లోపల ఎక్స్ దాక్కుని ఉంది. కాబట్టి చెయిన్ రూల్, అదే తెలుగు మీడియం వాళ్ళ శృంఖల నియమం, వాడాలి. బయట ఉన్న సైన్‌కి కాస్, లోపలున్న వైకి డీవై/డీఎక్స్:

కాస్ వై × డీవై/డీఎక్స్ = 1
డీవై/డీఎక్స్ = 1/కాస్ వై

నిజానికి పని ఇక్కడితో అయిపోయింది. కాకపోతే జవాబు వై భాషలో ఉంది, మనకి ఎక్స్ భాషలో కావాలి. ఒక లంబకోణ త్రిభుజం గీయండి. కర్ణం 1, ఒక కోణం వై, దాని ఎదుటి భుజం ఎక్స్. మిగిలిన భుజం పైథాగరస్ లెక్కన √(1 − ఎక్స్²). కర్ణం 1 కాబట్టి కాస్ వై అంటే ఆ భుజమే. ఊడిపడిందనుకున్న రూట్ ఈ త్రిభుజం అడుగు భుజం, అంతకుమించి ఏమీ లేదు.

డీవై/డీఎక్స్ = 1/√(1 − ఎక్స్²)

వర్గమూలం తీసినప్పుడు ప్లస్ అయినా రావచ్చు, మైనస్ అయినా రావచ్చు కదా, ప్లస్సే ఎందుకు తీసుకున్నాం? పైన చేసుకున్న ఒప్పందం వల్ల. మైనస్ 90కీ 90కీ మధ్య కాస్ ఎప్పుడూ రుణాత్మకం కాదు. అదే 90 నుంచి 270 వరకు ఉన్న కోణాలు తీసుకుంటాం అని ఒప్పుకుని ఉంటే ఇదే ఫార్ములా ముందు మైనస్ ఉండేది.

కాస్ ఇన్వర్స్‌కి మళ్ళీ ఇంత కష్టపడక్కర్లేదు. ఒకే ఎక్స్‌కి సైన్ ఇన్వర్స్, కాస్ ఇన్వర్స్ కలిపితే ఎప్పుడూ 90 డిగ్రీలే, ఒకటి ఎంత పెరిగితే రెండోది అంత తగ్గాలి కాబట్టి అదే ఫార్ములాకి ముందు మైనస్. టాన్ ఇన్వర్స్‌కి కూడా ఇదే పద్ధతి. టాన్‌ని డిఫరెన్షియేట్ చేస్తే సెక్² వస్తుంది, అది 1 + టాన్² కాబట్టి జవాబు 1/(1 + ఎక్స్²). అందులో రూట్ లేదు, గొడవా లేదు. మిగిలిన మూడూ పరీక్షలో అరుదు, ఇక్కడ వదిలేస్తున్నాను.

లోపల ఉన్నది ఉత్త ఎక్స్ కాకపోతే చెయిన్ రూల్‌తో రెండోసారి పని పడుతుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా ఎక్కుతుంది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం నాడు పొడవాటి మాను కొసన పూజారి కూర్చుంటే, ఆ మాను ఏటవాలుగా పైకి లేచి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. లెక్క కోసం మాను పొడవు 60 అడుగులు అనుకుందాం. మొదలు కంటే కొస హెచ్ అడుగులు ఎత్తులో ఉంటే, మాను నేలతో చేసే కోణం సైన్ ఇన్వర్స్(హెచ్/60). కొస ఇంకో అడుగు లేస్తే కోణం ఎంత మారుతుంది?

బయట సైన్ ఇన్వర్స్ ఉంది, కాబట్టి 1/√(1 − హెచ్²/3600). లోపల హెచ్/60 ఉంది, కాబట్టి 1/60. రెండూ గుణిస్తే 1/√(3600 − హెచ్²). పిల్లలు పోగొట్టుకునేది ఆ 1/60నే. అది పోతే జవాబు 60 రెట్లు తప్పు. కొస 30 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు ఈ విలువ దాదాపు 1/52. ఇది రేడియన్లలో వచ్చిన జవాబు. ఈ ఫార్ములాలన్నీ రేడియన్లకే పనిచేస్తాయి. 57.3తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి, సుమారు 1.1. అదే కొస 57 అడుగుల ఎత్తుకి వెళ్ళాక ఇంకో అడుగు లేపాలంటే మానుని దాదాపు 3 డిగ్రీలు తిప్పాలి. నిటారుగా నిలబడబోతున్న మాను ఎంత తిప్పినా కొస పైకి పెద్దగా లేవదు, పక్కకే పోతుంది. ఎక్స్ 1కి దగ్గరయ్యేకొద్దీ ఆ రూట్ చిన్నదైపోయి జవాబు కొండెక్కి కూర్చోవడానికి అర్థం ఇదే.

ఇక అరసవల్లి. సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది ఏడాదిలో రెండు రోజులే, మార్చి 20–21 ప్రాంతంలో, సెప్టెంబరు 22–23 ప్రాంతంలో. మిగతా రోజుల్లో కొంచెం ఉత్తరానికో కొంచెం దక్షిణానికో జరిగి పొడుస్తాడు. ఎంత జరుగుతాడన్నది భూమి అక్షం వంపు, మన ఊరి అక్షాంశం, ఈ రెంటి మీద ఆధారపడుతుంది. వంపు 23.4 డిగ్రీలు, దాని సైన్ 0.397. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు, దాని కాస్ 0.949. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.42. ఇక సూత్రం ఇది:

పొడుపు కోణం = సైన్ ఇన్వర్స్(0.42 × సైన్ ఎల్)

ఎల్ అంటే మార్చి విషువత్తు, అదే సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచే రోజు, నుంచి సూర్యుడు తన ఏడాది దారిలో ఎన్ని డిగ్రీలు నడిచాడో చెప్పే కోణం. 365 రోజుల్లో 360 డిగ్రీలు, అంటే రోజుకి ఇంచుమించు 0.99. పొడుపు కోణం ప్లస్ అయితే ఉత్తరం, మైనస్ అయితే దక్షిణం.

ఇది మూడు గిన్నెల క్యారేజీ. పై గిన్నె సైన్ ఇన్వర్స్, మధ్య గిన్నె 0.42 సైన్ ఎల్, అడుగు గిన్నె రోజులతో మారే ఎల్. పై గిన్నె తియ్యకుండా మధ్యది తియ్యలేం. ఒక గిన్నె తీస్తున్నప్పుడు కింది గిన్నెలో ఏముందో కెలకకూడదు, దాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. పై గిన్నెకి 1/√(1 − 0.176 సైన్² ఎల్), మధ్యదానికి 0.42 కాస్ ఎల్, అడుగుదానికి 0.99. మూడూ గుణిస్తే, పొడిచే చోటు రోజుకి ఎన్ని డిగ్రీలు జరుగుతుందో వస్తుంది. ఇక్కడ ఎల్‌నీ పొడుపు కోణాన్నీ రెంటినీ డిగ్రీల్లోనే కొలుస్తున్నాం కాబట్టి 57.3 గొడవ లేదు.

మార్చి 10 ప్రాంతంలో విషువత్తుకి ఇంకా పది రోజులుంది, ఎల్ మైనస్ 10 డిగ్రీలు. సైన్ విలువ మైనస్ 0.174, కాస్ విలువ 0.985. రూట్ 0.997, అంటే ఇంచుమించు 1, దాని ప్రభావం లేనట్టే. మొత్తం 0.41. ఆ రోజుల్లో సూర్యుడు తూర్పుకి 4 డిగ్రీల పైచిలుకు దక్షిణంగా పొడుస్తూ, రోజుకి 0.41 డిగ్రీ చొప్పున ఉత్తరానికి జరుగుతున్నాడన్నమాట. సూర్యబింబం మనకి కనపడే వెడల్పు సుమారు అర డిగ్రీ. రోజుకి తన వెడల్పులో ముప్పాతిక వంతు పక్కకి తప్పుకుంటున్నవాడు, ఒక ఇరుకు ద్వారంలోంచి ఎన్ని రోజులు లోపలికి తొంగిచూడగలడు?

ఇదే లెక్క డిసెంబరు 21కి వేస్తే ఎల్ 270. కాస్ 270 సున్నా. మధ్య గిన్నె ఖాళీ, లబ్ధం మొత్తం సున్నా. ఆ రోజు పొడిచే చోటు కదలదు. అంతకు పది రోజుల ముందు, పది రోజుల తర్వాత ఎంత తేడా ఉందో చూస్తే 0.4 డిగ్రీ. మార్చిలో ఒక్క రోజులో జరిగే దూరం ఇక్కడ పది రోజులకి. గుడిని డిసెంబరు పొడుపుకి ఎదురుగా, ఇలాంటి ద్వారంతోనే కట్టి ఉంటే కిరణం రెండు మూడు వారాలు కనపడేది. మా కుర్రాడు అడిగిన నెల్రోజులకి అది దగ్గరే.

అయితే ఇది పొడిచే చోటు లెక్క మాత్రమే. కిరణం పాదాల మీదే పడాలంటే ద్వారం ఎత్తూ వెడల్పూ, సూర్యుడు పైకొస్తూ కుడివైపుకి వాలడం, దిగంతం దగ్గర గాలి పొరలు బింబాన్ని సుమారు అర డిగ్రీ ఎత్తి చూపించడం, ఇవన్నీ కలవాలి. కట్టినవాళ్ళు ఇవన్నీ చూసుకునే కట్టి ఉంటారు. మన చెయిన్ రూల్ చెప్పేది, ఈ కాలంలో ఈ వేడుక ఎందుకు త్వరగా ముగుస్తుందన్నది మాత్రమే.

మార్చి సరే, మరి అక్టోబరు ఎక్కడినుంచి వచ్చింది? సైన్ ఎల్ మైనస్ 0.174 అయ్యే ఎల్ ఎంత అని కాలిక్యులేటర్‌ని అడిగితే మైనస్ 10 అంటుంది. మార్చి చెప్పి ఊరుకుంటుంది. 190 డిగ్రీలకీ సైన్ అంతే. అది అక్టోబరు మొదటి వారంలో వస్తుంది. మైనస్ 90, 90 ఒప్పందానికి అవతల ఉంది కాబట్టి యంత్రం దాని ఊసెత్తదు. సైన్ ఇన్వర్స్‌కి తెలిసింది మార్చి ఒక్కటే. అక్టోబరుని మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇదేమీ కొత్త లెక్క కాదు. పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం త్రిజ్య, అంటే వృత్త వ్యాసార్ధం, 3438 పెట్టుకుని, సూర్యుడి జ్యని 1397తో గుణించి 3438తో భాగించి, వచ్చినదానికి చాపం కనుక్కుంటే క్రాంతి వస్తుందని చెబుతుంది. క్రాంతి అంటే విషువద్వృత్తం, అదే ఆకాశంలో భూమధ్యరేఖకి నేరుగా ఉండే వృత్తం, నుంచి సూర్యుడు ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడన్నది. మన సూత్రంలో 0.42 ఉన్నచోట వాళ్ళది 0.406, ఎందుకంటే అది పొడుపు కోణం కాదు, అక్షాంశపు కాస్‌తో భాగించాల్సిన పని లేదు, పైగా వంపుని 24 డిగ్రీలుగా తీసుకున్నారు. అచ్చం సైన్ ఇన్వర్స్ ఆఫ్ ఒక సంఖ్య ఇంటూ సైన్. అంతకంటే ఆశ్చర్యం, కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో తంత్రసంగ్రహంలో చంద్రుడి ఆ క్షణపు వేగానికి ఇచ్చిన సూత్రం. పైన కోటి జ్య (అంటే కాస్) వైపు రాశీ, రోజువారీ గతీ గుణించి, కింద త్రిజ్య వర్గంలోంచి జ్య వైపు రాశి వర్గం తీసేసి వర్గమూలం పెట్టాడు. కాస్ పైన, రూట్ కింద, లోపలి వేగం పక్కన. మనం ఇందాక గిన్నెలు విప్పి తెచ్చిన రూపం అదే. న్యూటన్ పుట్టడానికి ఇంకా నూటనలభై ఏళ్ళుంది.

అక్టోబరుని మర్చిపోతే ఏమవుతుందో నాకు స్వానుభవం. మా ఇంటర్‌లో సైన్ ఇన్వర్స్(2ఎక్స్/(1 + ఎక్స్²)) డిఫరెన్షియేట్ చెయ్యమంటే అందరం ఒకే చిట్కా వేసేవాళ్ళం. ఎక్స్ = టాన్ థీటా పెట్టు, లోపలిది సైన్ 2 థీటా అయిపోతుంది, ఇన్వర్సూ సైనూ కొట్టేసుకుంటాయి, మిగిలింది 2 థీటా, అంటే 2 టాన్ ఇన్వర్స్ ఎక్స్, జవాబు 2/(1 + ఎక్స్²). మూడు లైన్లు, పూర్తి మార్కులు. డిగ్రీలో చేరాక ఒక లెక్చరర్ బోర్డు దగ్గరకి పిలిచి ఎక్స్ స్థానంలో 2 వెయ్యమన్నారు. 4/5కి సైన్ ఇన్వర్స్, 53 డిగ్రీల చిల్లర. 3 వెయ్యమన్నారు. 6/10కి దాదాపు 37 డిగ్రీలు. ఎక్స్ పెరిగింది, కోణం తగ్గింది. మరి నీ జవాబు ప్లస్ ఎలా అయిందయ్యా అన్నారు. అప్పటిదాకా ఆ లెక్క వచ్చనే అనుకున్నాను.

ఇన్వర్సూ సైనూ కొట్టేసుకునేది 2 థీటా మైనస్ 90కీ 90కీ మధ్య ఉన్నప్పుడే. అంటే ఎక్స్ మైనస్ 1కీ 1కీ మధ్య. ఎక్స్ 2 అయితే 2 థీటా 126 డిగ్రీలు దాటిపోయింది, అది అక్టోబరు వైపు. సైన్ ఇన్వర్స్ దాన్ని 180లోంచి తీసేసి 53గా చూపిస్తుంది. చిట్కా పక్కనపెట్టి నేరుగా చెయిన్ రూల్ వేసి ఉంటే ఇది దానంతటదే బయటపడేది. లోపలిదాన్ని డిఫరెన్షియేట్ చేస్తే వచ్చే అవకలజంలో పైన (1 − ఎక్స్²) ఉంటుంది. బయటి రూట్‌లోంచి కిందికి (1 − ఎక్స్²) వర్గానికి వర్గమూలం వస్తుంది. పైదీ కిందిదీ ఒకటే కదా అని కొట్టేస్తాం. అక్కడే దెబ్బ. వర్గమూలం ఎప్పుడూ ధనాత్మకం, ఎక్స్ 1 దాటితే పైన ఉన్నది రుణాత్మకం. కొట్టేస్తే మిగిలేది 1 కాదు, మైనస్ 1. కాబట్టి అక్కడ జవాబు మైనస్ 2/(1 + ఎక్స్²). సరిగ్గా 1 దగ్గర, మైనస్ 1 దగ్గర అవకలజమే లేదు, గ్రాఫ్ అక్కడ మొనదేలి ఉంటుంది.

అన్ని చిట్కాలూ ఇలా ముంచవు. టాన్ ఇన్వర్స్((1 + ఎక్స్)/(1 − ఎక్స్)) తీసుకుంటే అది 45 డిగ్రీలు కలిపిన టాన్ ఇన్వర్స్ ఎక్స్. ఎక్స్ 1 దాటగానే విలువ ఒక్కసారిగా 180 డిగ్రీలు పడిపోతుంది, అయినా రెండు వైపులా అవకలజం 1/(1 + ఎక్స్²)నే. పడిపోయింది ఒక స్థిరసంఖ్య, దాని అవకలజం సున్నా. టాన్‌కి మార్చీ అక్టోబరూ ఒకే దిశలో నడుస్తాయి, సైన్‌కి ఎదురెదురుగా నడుస్తాయి. తేడా అంతా ఇంతే.

మా కుర్రాడికి అక్టోబరు లెక్క ఇంటికిచ్చి పంపాను. ఎల్ 190 వేసి మర్నాడు పట్టుకొచ్చాడు. రూట్ అదే, 0.997. కాస్ 190 మాత్రం మైనస్ 0.985. చివర మైనస్ 0.41.

"మైనస్ వచ్చింది మాస్టారూ. ఎక్కడో తప్పు కొట్టాను కదండీ?"

"లేదురా. లేచి తూర్పుకి తిరిగి నిలబడు. మార్చిలో సూర్యుడు రోజురోజుకీ ఎటు జరుగుతున్నాడు?"

వాడు అరుగు మీద నిలబడి, ఎదురింటి డాబా వైపు చూస్తూ కాసేపు ఆలోచించి ఎడమ చెయ్యి చాపాడు. తర్వాత అది దించి, కుడి చెయ్యి ఎత్తాడు.